మంచువాలు మీద మాస్టారు

జనవరి నుంచి మార్చి దాకా ఆస్ట్రియా బడుల్లో ఏదో ఒక వారం ఏదో ఒక తరగతి గది ఖాళీగా ఉంటుంది. పిల్లలు, వ్యాయామ ఉపాధ్యాయుడు, వాళ్లతో పాటు లెక్కల మాస్టారో ఇంగ్లిష్ టీచరో బస్సెక్కి కొండల్లోకి వెళ్లిపోతారు. పొద్దున్నే స్కీలు భుజాన వేసుకుని మంచులో నడవటం, పగలంతా జారటం, పడటం, లేవటం, సాయంత్రం తడిసిన చేతి తొడుగులు హీటర్ల మీద ఆరబెట్టుకోవటం, ఇదీ ఆ వారం. జనం నోట అది స్కీ కోర్సు. కాగితాల్లో దాని పేరు శీతాకాల క్రీడా వారం. పిల్లలకు అది పండగే. వెంట వెళ్లిన ఉపాధ్యాయుడికి మాత్రం ఏడాది మొత్తం మీద అంత బరువైన పని మరొకటి ఉండదు. తరగతిలో తప్పు దొర్లితే బోర్డు తుడిచి మళ్లీ రాయొచ్చు. వాలు మీద ఆ వీలు లేదు.

ఈ ఉపాధ్యాయుణ్ణి ఎలా తయారు చేయాలి? ఎన్ని రోజులు, ఏమేమి నేర్పాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి, అసలు ఈ పని ఉపాధ్యాయుడే చేయాలా, డబ్బిచ్చి స్కీ శిక్షకుణ్ణి పిలిస్తే సరిపోదా? ఆల్ప్స్ దేశాలు దాదాపు నూరేళ్లుగా ఈ ప్రశ్నలకు రకరకాల జవాబులు చెబుతూ వస్తున్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక లోటు మళ్లీ మళ్లీ కనిపించింది. శిక్షణ ఉపాధ్యాయుడి కాళ్లను పరీక్షించినంత శ్రద్ధగా కళ్లను పరీక్షించడం లేదు.

ఈ విద్య పుట్టుకలోనే ఒక బడిపంతులు ఉన్నాడు. మథియాస్ జ్దార్‌స్కీ 1856లో మొరావియాలో పుట్టాడు, ఉపాధ్యాయుడిగా పనిచేశాడు, తర్వాత వియన్నాకు నైరుతి దిక్కున లిలియన్‌ఫెల్డ్ దగ్గర కొండ పొలం కొనుక్కుని అక్కడే ఉండిపోయాడు. నార్వే సాహసయాత్రికుడు నాన్సెన్ గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద దాటిన కథ చదివి నార్వే నుంచి స్కీలు తెప్పించుకున్నాడు. అవి నార్వే మెట్టల్లో నడవటానికి చేసినవి, బాగా పొడుగు. ఆల్ప్స్ నిటారు వాలు మీద వాటిని తిప్పటం ఆయన వల్ల కాలేదు. దాంతో స్కీలను పొట్టి చేశాడు, మడమ పక్కకు జారకుండా ఉక్కు బైండింగ్ తయారు చేశాడు, నిటారు వాలు మీద కూడా అదుపు తప్పకుండా దిగే పద్ధతి ఒకటి కూర్చి 1896లో పుస్తకంగా తెచ్చాడు. తర్వాత వేలమందికి ఫీజు పుచ్చుకోకుండా నేర్పాడు. 1905 మార్చి 19న ముకెన్‌కోగెల్ కొండ మీద జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం పెట్టాడు. స్లాలమ్ చరిత్ర అక్కడే మొదలైందంటారు. అందులో ఆయన చూడదలచుకున్నది ఒట్టి వేగాన్ని కాదు, అదుపును. పంతులు పెట్టే పరీక్ష అలాగే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి సలహాదారుగా పనిచేస్తూ 1916లో మంచు చరియ కింద పడ్డాడు. ఒళ్లంతా ఎముకలు విరిగినా బతికి, 1940 దాకా జీవించాడు. మంచు ఎంత నేర్పిందో, ఎంత తీసుకుందో తెలిసిన మనిషి.

ఆయన తర్వాత హానెస్ ష్నైడర్ వచ్చాడు. సెయింట్ ఆంటన్‌లో 1920ల తొలినాళ్లలో ఆయన పెట్టిన స్కీ బడిలో నేర్చుకునేవారిని వాళ్లకు వచ్చినదాన్ని బట్టి తరగతులుగా విడదీసి, ఒక మెట్టు పూర్తయ్యాకే పై మెట్టుకు పంపేవారు. ఇప్పుడు ఏ దేశంలో చూసినా కనిపించే గుంపు పాఠం దాదాపు ఆ అచ్చులోదే. అదే కాలంలో వియన్నాలో కార్ల్ గౌల్‌హోఫర్, మార్గరెటె ష్ట్రైషర్ బడి వ్యాయామాన్ని కవాతు నుంచి విడిపించి ఆరుబయట సహజమైన కదలికల వైపు మళ్లించారు. బడి పిల్లలు కొండకు వెళ్లటం చదువులో భాగమేనన్న మాటకు బలం వచ్చింది ఆ రోజుల్లోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ష్టెఫాన్ క్రుకెన్‌హౌజర్, ఆయనా ఉపాధ్యాయుడే, సెయింట్ క్రిస్టఫ్‌లోని ప్రభుత్వ శిక్షణ కేంద్రం నుంచి దేశమంతటికీ ఒకే స్కీ పాఠ్యప్రణాళిక తెచ్చాడు. 1956లో వచ్చిన ఆ పుస్తకంతో ఎవరు ఎక్కడ నేర్పినా పాఠం ఒకే వరుసలో నడవటం మొదలైంది. నేర్పేవారి అంతర్జాతీయ సమావేశం ఇంటర్‌స్కీ 1951లో త్సూర్స్‌లో మొదలైంది. బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో స్కీ నేర్పేవారికి అందులో విడిగా ఒక సంఘం కూడా ఉంది. బడిలో నేర్పటం వేరే విద్య అన్న గుర్తింపు అది. ఆ గుర్తింపు శిక్షణలోకి ఎంతవరకు దిగిందన్నదే నా సందేహం.

బాగా జారగలిగిన మనిషికి తొలిసారి స్కీలు కట్టుకున్న పదకొండేళ్ల పిల్ల ఏం అనుభవిస్తోందో గుర్తుండదు. ఆ గట్టి ప్లాస్టిక్ బూటులో మడమ బిగిసి ఉంటుంది, మోకాలు ముందుకు వంగక తప్పదు, కాలి కింద నేల జారిపోతూ ఉంటుంది. భయం వేయగానే ఎవరైనా వెనక్కి వాలతారు. ఒంటికి తెలిసిన రక్షణ అదే. స్కీల మీద మాత్రం వెనక్కి వాలితే ముందు కొనల మీద బరువు పోతుంది, స్కీ మాట వినదు, వేగం పెరుగుతుంది, భయం రెట్టింపవుతుంది. ఒంటి సహజ తెలివికి ఎదురు వెళ్లమని పిల్లను ఒప్పించాలి. ‘ముందుకు వంగు’ అని అరిస్తే సాధారణంగా నడుము వంగుతుంది, మోకాలు వంగదు. పని జరగదు. బూటు నాలుకను కాలి ముందెముకతో నొక్కి చూడమంటే, బూటు లోపల ముందు గోడ తగిలిందా అని అడిగితే వంగుతుంది. ఈ తేడా తెలియటమే శిక్షణ. ఉపాధ్యాయుడు తాను ఎంత అందంగా దిగగలడన్నది ఇక్కడ అక్కరకు రాదు.

పాఠం వరుస అందరికీ తెలిసినదే. ముందు బూట్లతో మంచులో నడక, ఒకే స్కీ కట్టి జారటం, అడ్డంగా అడుగులేస్తూ ఎక్కటం, చదునైన చోటికి నేరుగా దిగటం. ఆ తర్వాత ముందు కొనలు దగ్గర చేసి వెనక కొనలు దూరం చేసి ఆపుకోవటం. మంచును తోసే నాగలి ఆకారం కాబట్టి జర్మన్‌లో దానికి నాగలి అనే పేరు. పిల్లలకు పిజ్జా ముక్క అంటే వెంటనే అర్థమవుతుంది. అది వచ్చాక అదే ఆకారంలో మలుపులు, ఆ తర్వాతే లిఫ్టు. తొందరపడే ఉపాధ్యాయుడు మొదటి రోజే లిఫ్టెక్కిస్తాడు, పైన నిలబడ్డాక గానీ ఎవరికి ఆగటం రాదో అతనికి తెలియదు. వరుస పుస్తకంలో ఉంటుంది. ఏ పిల్లను ఏ మెట్టు మీద ఇంకో అరగంట ఉంచాలో పుస్తకంలో ఉండదు.

గుంపును నడిపించటం మరో విద్య. పాము వరుసలో ముందు ఉపాధ్యాయుడు, చివర నమ్మకమైన పిల్ల. ఆగాలంటే దారి పక్కన, పై నుంచి వచ్చేవాళ్లకు కనిపించే చోట ఆగాలి. ఒక్కొక్కరు వచ్చి ముందే ఆగినవాళ్ల కింద నిలబడాలి. పైన నిలబడబోతే జారినవాడు అందరినీ పడేస్తాడు. ఉపాధ్యాయుడు కూడా కిందే నిలబడాలి, ముఖాలు కనిపించాలి. ఎండ పిల్లల కళ్లల్లో పడకూడదు. అతను మాట్లాడేది అరనిమిషం దాటితే చలిలో నిలబడ్డ పిల్ల చెవి మూసుకుపోతుంది. ప్రతి ఆగుదలకు లెక్కపెట్టటం అలవాటైపోవాలి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో ఆమోదించిన పది ప్రవర్తనా నియమాల్లో వెనక నుంచి వచ్చేవాడే ముందున్నవాణ్ణి చూసుకుని దారి ఎంచుకోవాలన్నది ముఖ్యమైనది. పిల్లలు దాన్ని మొదటి రోజే నోటికి చెప్పేస్తారు. కాళ్లకు వచ్చేసరికి వారం పడుతుంది.

సామగ్రి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. బైండింగ్ ఎంత బలానికి ఊడాలన్నది పిల్ల బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, జారే తీరు చూసి సరిచేస్తారు. అద్దె దుకాణంలో క్లాసంతా వరుసలో నిలబడ్డప్పుడు పిల్లలు బరువు తప్పుగా చెబుతారు. కొందరు సిగ్గుతో తక్కువ, కొందరు గొప్పకు ఎక్కువ. బైండింగ్ ఊడవలసిన చోట ఊడకపోతే మోకాలు ఆ బలాన్ని భరించాలి. బూటులో రెండు జతల మేజోళ్లు తొడుక్కున్న పిల్లకు మధ్యాహ్నానికి కాలు తిమ్మిరెక్కుతుంది. హెల్మెట్ విషయంలో ఆస్ట్రియాలో చాలా రాష్ట్రాలు 15 ఏళ్లు నిండని పిల్లలకు తప్పనిసరి చేశాయి. దాని పట్టీ గడ్డం కింద బిగించి ఉందా లేదా అన్నది మాత్రం చట్టం చూడదు, మాస్టారే చూడాలి. ఇక మూడో రోజు. రెండు రోజుల అలసట ఒంట్లో పేరుకుని, ధైర్యం మాత్రం పెరిగిపోయిన రోజు అది. ఆ మధ్యాహ్నం స్కీలు విప్పించి పిల్లల్ని ఊళ్లోకి తీసుకువెళ్లే పాత అలవాటును ఏ పట్టుదలా తీసేయకూడదని నా అభిప్రాయం.

ఇవన్నీ నేర్పవచ్చు. నేర్పటానికి కష్టమైనది ‘వద్దు’ అనటం.

2016 జనవరి 13న ఫ్రాన్స్‌లోని లే డ్యూజాల్ప్‌లో లియాన్ నుంచి వచ్చిన లీసే (ఉన్నత పాఠశాల) విద్యార్థుల గుంపు ఒక నల్ల గుర్తు వాలులోకి వెళ్లింది. నల్ల గుర్తంటే అన్నిటికన్నా కష్టమైనది. ఆ దారి అప్పటికి మూసి ఉంది. మంచు చరియ విరిగిపడింది. ఇద్దరు విద్యార్థులు, అక్కడే ఉన్న ఉక్రెయిన్ పర్యాటకుడు ఒకరు చనిపోయారు. ఆ రోజు చరియల ప్రమాద సూచిక ఐదింటిలో మూడు. యూరప్ దేశాలు 1993లో ఒప్పుకున్న ఈ ఐదు మెట్ల సూచికలో మూడు అంటే నడిమధ్య కదా, ఫర్వాలేదనుకోవటం మనిషి స్వభావం. సూచిక భాషలో దాని పేరు ‘గణనీయం’. మెట్లు సమానంగా పెరగవు, పైకి పోయేకొద్దీ ప్రమాదం చాలా ఎక్కువగా పెరుగుతుంది. ఈ ఒక్క అంకెను సరిగా చదవటం ప్రతి ఉపాధ్యాయుడికీ రావాలి. అంతకన్నా ముఖ్యం, మూసిన దారి ముందు పదహారేళ్ల పిల్లల ఉత్సాహం వెనక నుంచి తోస్తున్నప్పుడు తిరిగి వెళ్లిపోదామని చెప్పగలగటం. శిక్షణలో ఆ క్షణాన్ని ముందే కల్పించి, ఉపాధ్యాయుడి చేత ఆ మాట బిగ్గరగా పలికించాలి. ఎప్పుడూ పలకని మాట అవసరానికి నోట రాదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఇంగ్లండ్‌లోని ఒక బడి పిల్లలు 1996లో ఆస్ట్రియాలోని క్యూటాయ్‌కి వెళ్లారు. పదిహేడేళ్ల కుర్రాడొకడు గుర్తులు లేని చోట జారినందుకు ఉపాధ్యాయుడు మందలించాడు, కానీ జారకుండా నిషేధించలేదు. ఆ తర్వాత ఆ కుర్రాడు గుర్తులున్న వాలు మీదే పడి శాశ్వతంగా అంగవైకల్యం పాలయ్యాడు. కింది కోర్టు బడికి సగం బాధ్యత ఉందంది. 2002లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అలాంటి పరిస్థితిలో సమంజసమైన ఉపాధ్యాయుడు తీసుకోగల నిర్ణయాల్లో మందలించి వదిలేయటం కూడా ఒకటేనంది. కోర్టు చెప్పింది సరైనదే కావచ్చు. అయితే తీర్పు చట్టపు బాధ్యతను తేల్చగలదు, ఆ సాయంత్రం హోటల్ గదిలో స్కీ పాసు తీసుకోవాలా వద్దా అని ఒంటరిగా ఆలోచించిన మాస్టారి సందేహాన్ని తేల్చలేదు. ఆ సందేహాన్ని ఇంకో ఇద్దరితో కలిసి తేల్చుకునే పద్ధతి శిక్షణలో నేర్పాలి.

బ్రిటన్ ఈ చిక్కు నుంచి బయటపడటానికి ఒక గీత గీసింది. నేర్పటం వేరు, నడిపించటం వేరు. పాఠం చెప్పేది స్కీ శిక్షకుడు. ఇప్పటికే వచ్చిన పిల్లలను గుర్తులున్న వాలు మీద నడిపించే అర్హత ఉపాధ్యాయుడికి విడిగా ఇస్తారు. మంచు వాలులు తక్కువ కాబట్టి ప్లాస్టిక్ వాలుల మీద నేర్చుకుని, ఆల్ప్స్‌కు వచ్చి నడిపించటం వాళ్లకు సహజం. ఫ్రాన్స్ మరింత కట్టుదిట్టం. డబ్బు తీసుకుని స్కీ నేర్పాలంటే ప్రభుత్వ డిప్లొమా ఉండాలి, ఉపాధ్యాయుడు తన ఉద్యోగ విధిలో భాగంగా నేర్పవచ్చు. ఆ దేశంలోనే బడి వైద్యుడు మాక్స్ ఫూరెస్టియే పూనికతో 1953లో వాన్వ్ పట్టణపు పిల్లలు తమ మాస్టారితో సహా సవాయ్ కొండల్లోని లా ఫెక్లాజ్‌కు తరలి, పొద్దున చదువు, మధ్యాహ్నం మంచు అన్నట్టు నెలరోజులు గడిపారు. ‘మంచు తరగతి’ అనే మాట అలా పుట్టింది. అందులో స్కీ నేర్పింది ఎవరైనా, ఆ పిల్లల్ని ఎరిగిన మాస్టారు అక్కడే ఉండటమే ఆ ప్రయోగానికి ప్రాణం.

శిక్షకుణ్ణి పిలిస్తే పోలేదా అనే వాదన బలమైనదే. అతని సాంకేతిక జ్ఞానం ఎక్కువ, కొండ అతనికి ఇంటి పెరడు. కానీ అతనికి సోమవారం పొద్దున పన్నెండు హెల్మెట్లు కనిపిస్తాయి. ఏ పిల్ల తల్లిదండ్రులు విడిపోయారో, ఎవడు అందరి ముందు ఓడిపోతే వారం పాటు మాట్లాడడో, ఎవరు నొప్పి దాచుకుంటారో అతనికి తెలియదు. శుక్రవారానికి తెలుస్తుంది, అప్పటికి వారం అయిపోతుంది. ఉపాధ్యాయుడికి ఇవన్నీ ముందే తెలుసు. అందుకే నేను ఉపాధ్యాయుడి పక్షం. కాకపోతే ఆ పక్షం నిలబడాలంటే అతనికి శిక్షణ ఇవ్వాలి, దానికి డబ్బు పెట్టాలి.

డబ్బు మాటకొస్తే స్విట్జర్లాండ్ ముందుంది. 1972లో మొదలైన ‘యువత, క్రీడ’ పథకం కింద ఉపాధ్యాయులకు, ఇతరులకు నాయకత్వ శిక్షణ ఇస్తారు. సైనిక సేవకు వెళ్లినవారి జీతనష్టం పూడ్చే నిధి నుంచే ఈ శిక్షణకు వచ్చిన రోజులకూ పరిహారం ఉంటుంది. వచ్చిన అర్హత జన్మకంతా చెల్లదు, రెండేళ్లకోసారి మళ్లీ కోర్సుకు రావాలి. ఈ రెండు ఏర్పాట్లూ నాకు ఎంతో నచ్చాయి. సెలవు రోజుల్లో సొంత ఖర్చుతో నేర్చుకోమంటే చిన్న వయసులో, బాధ్యతలు లేనివాళ్లే వస్తారు. చంటిపిల్ల ఉన్న టీచరు రాదు. ఇరవై ఏళ్ల కిందట నేర్చుకున్నది చాలనుకుంటే, అప్పటి పొడుగు స్కీల పాఠం ఇప్పటి నడుము సన్నని పొట్టి స్కీల మీద పిల్లల్ని తికమక పెడుతుంది.

అక్కడా చిక్కులు లేకపోలేదు. 2017 డిసెంబరులో స్విస్ ఫెడరల్ కోర్టు, తప్పనిసరి శిబిరానికి తల్లిదండ్రుల దగ్గర తిండి ఖర్చు మాత్రమే తీసుకోవాలని, అది పిల్ల వయసును బట్టి రోజుకు 10 నుంచి 16 ఫ్రాంకులు దాటకూడదని తేల్చింది. పేద ఇంటి పిల్లకు అది న్యాయం. మిగిలిన ఖర్చు ఎక్కడి నుంచి తేవాలన్నది బడుల నెత్తిన పడింది. ఆస్ట్రియాలో తరగతిలో కనీసం 70 శాతం మంది వస్తేనే ఇలాంటి వారం జరపాలన్న నియమం ఉంది. తక్కువ ఎత్తులోని వాలుల్లో మంచు పలచబడుతున్న కాలంలో, అద్దెలూ లిఫ్టు ధరలూ పెరుగుతున్న కాలంలో, ఆ 70 శాతాన్ని కూడగట్టటం కూడా చివరికి ఒక ఉపాధ్యాయుడి సాయంత్రాలనే తినేస్తుంది. పెద్దతరం మాస్టార్లు రిటైరై, కొత్తవాళ్లు ఆ బరువు ఎత్తుకోకపోతే ఆ బడిలో స్కీ కోర్సు ఏ ఉత్తర్వూ లేకుండానే ఆగిపోతుంది.

మన దేశానికి ఇది పూర్తిగా పరాయి విషయం కాదు. గుల్మర్గ్‌లో 1948లో సైన్యం మొదలుపెట్టిన స్కీ బడే తర్వాత ఎత్తైన ప్రాంతాల యుద్ధవిద్యాలయమైంది. పర్యాటక శాఖ కింద స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ అక్కడే ఉంది. చలికాలపు సెలవుల్లో జమ్మూ కశ్మీర్ యువజన సేవలు, క్రీడల శాఖ బడిపిల్లలకు అక్కడ కోర్సులు నడుపుతుంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన తరఫున ఒక్కడుగా నిలిచిన ఆరిఫ్ ఖాన్ ఆ కొండల కిందివాడే. తెలుగు నేలకు మంచు లేదు. అయినా 2014 మే 25న పద్నాలుగేళ్లయినా నిండని మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగానే, తొలి పాఠాలు భువనగిరి రాతిగుట్ట మీదే. పిల్లల్ని ఎక్కించిన పర్వతారోహకులకు దండం పెట్టాలి. గురుకులాల్లోని వ్యాయామ ఉపాధ్యాయులకు కూడా ఆ విద్యలో కొంత నేర్పి ఉంచితే గుట్ట ఎక్కే పిల్లలు ఇంకెందరో అయ్యేవాళ్లని నా ఆశ.

ఈ ప్రశ్న తెలుగు ఇళ్లలోకి నేరుగా వచ్చే చోటు ఒకటుంది. వియన్నాలో, మ్యూనిక్‌లో, జ్యూరిక్‌లో ఉద్యోగాలకు వెళ్లి స్థిరపడిన కుటుంబాల పిల్లలు. తోటి పిల్లలు నాలుగో ఏట నుంచి జారుతుంటారు. మన పిల్లకు పన్నెండో ఏట బడి స్కీ వారంతోనే తొలి మంచు. ఆమె వెళ్లేది కొత్తవాళ్ల గుంపులోకి. గుంపుల పంపకం చాలాచోట్ల ఎలా జరుగుతుందంటే, బాగా జారే పిల్లలకు బాగా జారే ఉపాధ్యాయుడు, కొత్తవాళ్లకు నిన్ననే అర్హత సంపాదించిన ఉపాధ్యాయుడు. అర్హతను కాళ్ల నేర్పుతో కొలిచినంత కాలం ఈ పంపకం సహజంగానే తోస్తుంది. నిజానికి అన్నిటికన్నా అనుభవం కావలసినది ఆ చిన్న వాలు దగ్గరే. బాగా జారేవాళ్లు దారి చూపిస్తే చాలు, దిగుతారు. ఈ పిల్ల మాత్రం భాష సగం అర్థమై, ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాగుందని అబద్ధం చెప్పి, రాత్రి దుప్పటి కింద ఏడ్చి, పొద్దున్నే మళ్లీ ఆ బూట్లు తొడుక్కుని వస్తుంది.

కాబట్టి అర్హత పరీక్షలో ఒక మార్పు కోరుకుంటాను. అభ్యర్థి నల్ల గుర్తు వాలు మీద ఎంత చక్కగా దిగుతాడో చూసే సమయంలో సగం తీసి, అతనికి ఎనిమిది మంది కొత్త పిల్లల్ని అప్పజెప్పి గంటసేపు వదలాలి. గంట అయ్యాక పిల్లల్ని భోజనానికి పంపి, అతణ్ణి కూర్చోబెట్టి అడగాలి. మూడో పిల్లవాడి ఎడమ బూటు బకిల్ ఊడింది, ఎప్పుడు చూశారు? చివర నిలబడ్డ అమ్మాయి మీ వైపు చూడటం ఎప్పుడు మానేసింది? ఇంకో పది నిమిషాలు పాఠం ఉన్నా మీరు ఆపేశారు, ఎందుకు?